ఫోన్ ఎత్తని ఊరు

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద కన్నా సెల్ టవర్ మీద భక్తి ఎక్కువ. ఫోన్ల కంపెనీలో కొత్తగా చేరాను, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. వెళ్లిన కాల్స్‌లో ఎన్నింటికి అవతలివాళ్లు పలికారో చూసుకుని, ఆ అంకె తగ్గితే పెంచడం నా పని. పల్నాడు మొత్తానికి అధ్వాన్నమైన అంకె మాచవరం అవతల ఒక ఊరి టవర్‌ది. ఆ అంకె పెరిగితే ఉద్యోగం ఉంటుందని, లేకపోతే ఇంటికి బస్సెక్కమని మా బాస్ (ఆయన నవ్వగా చూసినవాళ్లు లేరు) తేల్చేశాడు.

పిడుగురాళ్ల సున్నపు దుమ్ము తలకు పూసుకుని రోజూ ఆ ఊరు వెళ్లేవాణ్ణి. యాంటెన్నా వంచాం, లేపాం, కేబుళ్లు మార్చాం. సిగ్నల్ నిండుగా ఉంది, ఫోన్లు గణగణ మోగుతున్నాయి, ఎత్తే నాథుడు లేడు. దిగులుతో అన్నం సయించేది కాదు. టవర్ పక్కన మిరప చేను ఒక బాబాయ్‌ది (చుట్టమేం కాదు, అక్కడ పెద్దవాళ్లంతా బాబాయిలే). ఓ మధ్యాహ్నం ఆయన ఇంటికి ఫోన్ కొట్టి, రెండు రింగులు కాగానే కట్ చేశాడు. కాసేపటికి పిన్ని అన్నం క్యారేజీతో వచ్చింది. ఇదేంటని అడిగాను. కరెంటు వస్తే పక్క చేనుకి ఒక రింగు, అన్నానికి ఇంటికి రెండు, ఊరంతా ఇదే పద్ధతట. ఇప్పుడు కాల్స్ ఫ్రీ కదా బాబాయ్ అన్నాను.

"ఫ్రీ అయితే మాత్రం మాట్లాడేదానికి ఏముందిరా?" అన్నాడాయన.

ఈ సంగతి బాస్‌కి చెబితే, మిస్డ్ కాల్స్ అని రాస్తే పైవాళ్లు నవ్వుతారు, అంకె పెంచుకురా అన్నాడు. బాబాయ్ చేలో మోటారు షెడ్డు దగ్గర కూర్చుని సిగ్గు లేకుండా ఏడ్చాను. పిన్ని చూడలేకపోయింది. పిల్లోడి ఉద్యోగం పోతదంట, రేపట్నుంచి మోగిన ఫోనల్లా ఎత్తమని ఇంటింటికీ తిరిగి చెప్పింది, ఒక్క బాబాయ్‌కి తప్ప.

మర్నాడు బాబాయ్ అన్నం కోసం రింగిచ్చాడు. పిన్ని మొదటి రింగుకే ఎత్తి "ఆఁ" అంది. కాపురంలో ఎన్నడూ ఎత్తని మనిషి ఎత్తిందంటే ఇంట్లో ఎవరికో ఏదో అయిందనుకుని, మోటారు ఆపకుండా వదిలేసి, ఆయన చెప్పులైనా లేకుండా ఊళ్లోకి పరిగెత్తాడు. తిరిగొచ్చేసరికి మిరప చేను చెరువైంది. మొదటి రింగుకే ఎత్తేస్తుంటే ఒకటో రెండో తెలియక చుట్టుపక్కల చేలల్లోనూ గోలే. సాయంత్రానికి అంతా విసిగిపోయి, నిజంగా మాట్లాడాలని చేసిన ఫోన్లు కూడా ఎత్తడం మానేశారు. అంకె పాతాళానికి పోయింది, దాంతోపాటు నా ఉద్యోగమూ పోయింది.

వెళ్లేరోజు బాబాయ్ ముందు తలెత్తలేక నిలబడ్డాను. ఆయన చేను మాటే ఎత్తలేదు.

"ఇల్లు చేరినాక ఒక రింగియ్యి అబ్బాయ్. నేను ఎత్తన్లే. చేరావని తెలుస్తది."

ఇచ్చాను. ఎత్తలేదు. ఇన్నేళ్లయినా, వేరే ఉద్యోగంలో జుట్టు పలచబడ్డాక కూడా, అప్పుడప్పుడూ ఆ నంబరుకి ఒక రింగు ఇస్తుంటాను. కాసేపటికి అటునుంచీ ఒకటి వస్తుంది, నేనూ ఎత్తను. మా ఇద్దరి వల్ల ఏ కొత్త కుర్రాడి అంకె పడిపోతోందో అని నవ్వొస్తుంది. కానీ రింగిచ్చిన ప్రతిసారీ గుండె చిక్కబట్టుకునే ఉంటాను, అవతల ఎవరైనా ఎత్తుతారేమోనని.