తహ్రీర్ స్క్వేర్ నుంచి మా పక్కింటికి

మా పక్కింటావిడ మొన్న మంగళవారం పోయారు. "అమ్మ నిద్రలోనే వెళ్లిపోయింది" అని ఆవిడ కూతురు ఫోన్‌లో చెప్పింది. ఈ పరాయి దేశంలో, షాంటిలీ అనే ఊళ్లో ఆవిడా మేమూ ఆరేళ్లు ఒకే గోడకు అటూ ఇటూ ఉన్నాం. మీలో ఎవరూ ఆవిడను ఎరగరు. అయినా మీకు చెప్పుకోవాలనిపించింది.

ఆవిడది కైరో. అక్కడ మందుల షాపు నడిపేవారు. అధ్యక్షుడు దిగిపోవాలని జనం తహ్రీర్ స్క్వేర్‌లో బైఠాయించినప్పుడు, షాపులోని దూదీ కట్లగుడ్డా సంచిలో వేసుకుని వెళ్లి, దెబ్బలు తగిలినవాళ్లకు కట్లు కట్టారు. అధ్యక్షుడు దిగాడు. మూడేళ్లు తిరక్కుండానే సైన్యం గద్దెనెక్కింది. తెలిసినవాళ్లు ఒక్కొక్కరే జైలుకు పోతుంటే, షాపు మూసేసి ఇక్కడున్న కూతురి దగ్గరకు వచ్చేశారు.

ఆ కబుర్లు అడిగితే తప్ప చెప్పేవారు కాదు. శుక్రవారం సాయంత్రం పుదీనా టీకి పిలిచేవారు. చక్కెర మాత్రం మన లెక్కకు మూడింతలు. ఒకసారి మా అమ్మాయి అడిగేసింది: "ఆంటీ, లాస్ట్‌కి మీరు ఓడిపోయారు కదా?" నాకు సిగ్గేసింది. ఆవిడ టీ పోస్తూనే అన్నారు: "గెలిచాం, తర్వాత ఓడాం. ఇంకా అయిపోలేదుగా."

మూడేళ్ల కిందట, గడ్డకట్టే చలిలో మా బ్లాక్‌కి హీటింగ్ పోయింది. వారం దాటినా మేనేజ్‌మెంట్ కదల్లేదు. ఎనిమిది ఇళ్లలో ఆరు మన తెలుగువాళ్లవే. మా ఆయన, "ఎందుకులే, వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది. ఇప్పుడు గొడవలెందుకు?" అన్నాడు. అందరిదీ అదే మాట.

పక్కింటావిడ ఒక ఫిర్యాదు కాగితం రాసుకుని నా దగ్గరకు వచ్చారు. "నాతో ఇంటింటికీ రా" అన్నారు.

"నాకు భయమండీ."

"నాకూ భయమే. మొదటిరోజు స్క్వేర్‌లో ఎవరో ఒకావిడ చెయ్యి పట్టుకున్నాను, ధైర్యం వస్తుందని. తీరా చూస్తే ఆవిడే నాకంటే ఎక్కువ వణుకుతోంది!"

నవ్వొచ్చింది. చెప్పులేసుకున్నాను.

మూడో ఇంట్లో, నెల్లూరు నుంచి కొడుకు దగ్గరకు వచ్చిన పెద్దావిడ ఎదురొచ్చింది. "చలికి చచ్చిపోతన్నాం తల్లీ, నా పేరు రాసుకో."

"అమ్మా, నువ్వు విజిటర్ వీసా మీద ఉన్నావు!" అన్నాడు కొడుకు లోపల్నుంచి.

"అయితే? నన్ను వీసా అడిగి వేస్తోందా ఈ చలి?"

అతనే వచ్చి సంతకం పెట్టాడు. సాయంత్రానికి ఎనిమిదీ అయ్యాయి. మర్నాడు అందరం మేనేజర్ ఆఫీస్‌కి వెళ్లాం. "ఒక్కొక్కరూ వేరేగా ఈమెయిల్ చేయండి" అన్నాడతను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మేమూ కూర్చున్నాం. మధ్యాహ్నానికి మెకానిక్ వచ్చాడు. ఎవరి వీసాకూ ఏమీ కాలేదు.

ఖననానికి ఎనిమిది ఇళ్లవాళ్లమూ వెళ్లాం. అక్కడ మేమెప్పుడూ చూడనివాళ్లు చాలామంది ఉన్నారు: సిరియా, ట్యునీషియా, సూడాన్ దేశాలవాళ్లు. వాళ్ల రాజధాని ఖార్టూమ్‌లో తామూ అలాగే బైఠాయించామనీ, గాయపడినవాళ్లను ఎలా చూసుకోవాలో ఆవిడే ఇక్కణ్ణుంచి రోజూ ఫోన్‌లో చెప్పేవారనీ ఒక సూడాన్ అమ్మాయి చెప్పింది. మాకా సంగతే తెలియదు.

అంతా అయ్యాక కూడా పార్కింగ్ లాట్‌లోంచి ఎవరూ కదల్లేదు. కార్లు స్టార్ట్ చేసినవాళ్లు కూడా ఆపేసి దిగారు. ఈదురుగాలిలో కోట్లు ఎగురుతున్నాయి. ఒక సిరియా తాతగారు చేతులు తిప్పుతూ ఏదో చెబుతుంటే, మా ఆయన తల వంచి, చెవి ఒగ్గి వింటున్నాడు.