వరహాలు పేరున ఇచ్చిన రక్తం

కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ మా ఉద్దానంలో ఇద్దరు ఎదురుపడితే కుశలం అడగరు. "క్రియాటిన్ ఎంతుంది?" అని కిడ్నీ పరీక్షలో వచ్చిన అంకె అడుగుతారు. అడిగేవాళ్లలో సగం మందికి తమది ఎంతో తెలియదు. పరీక్ష చేయించుకోనంతకాలం జబ్బు లేనట్టేనని వాళ్ల ధీమా. ఆ ధీమా చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నేను టెక్కలిలో ఒక డయాలసిస్ సెంటర్లో హెడ్ నర్సుని. పేరు మాధవీలత. నోరు మంచిది కాదని పేరుంది, నిజమే.

వరహాలుది పూండి పక్క ఊరు. పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లేది. జీడిసొన తగిలి తగిలి వేళ్లు నల్లబడిపోయాయి, ఏ సబ్బుకీ లొంగవు. కిడ్నీలు పాడైన తల్లిని మా దగ్గరికి తీసుకొచ్చేది. తల్లిని మెషిన్ మీద పెట్టాక బయట కూర్చోకుండా పక్క మంచాలవాళ్ల దుప్పట్లు సర్దేది, కాళ్లు పట్టేది, కబుర్లు చెప్పేది. తల్లి పోయాక కూడా ఒకసారి అందరినీ చూసిపోదామని వచ్చింది. "ఎన్నాళ్లే ఆ పిక్కలు? ఈ పని నేర్చుకో" అని తిట్టినట్టే చెప్పాను. నర్సింగ్ అసిస్టెంటు కోర్సులో చేరి పూర్తిచేసింది. "జీడిపప్పులో గుండు ఒక పక్క, బద్ద ఒక పక్క వేరుచేసినట్టు మా రోగుల్ని కూడా ఏరేస్తావేమో" అని నేను ఆటపట్టిస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఉద్యోగం ఇచ్చేటప్పుడు రెండు రకాలుగా ఉంటుందని చెప్పాను. కాజువల్ అయితే మేం ఫోన్ చేసిన రోజే రావాలి, తక్కిన రోజులు పిక్కలు కొట్టుకోవచ్చు. ఫుల్ టైమ్ అయితే రోజూ డ్యూటీ, నెల జీతం, కార్ఖానా ఊసు మరిచిపోవాలి.

"ఫుల్ టైమే సిస్టరమ్మా. పిలిత్తే రావడం, పిలవకపోతే మళ్లీ సొనలో సేతులెట్టడం, అదేటి బతుకు?" అంది వెంటనే.

"సరే. ఫుల్ టైమ్ వాళ్లకి రక్తపరీక్ష ఉంటుంది. కాశీబుగ్గలో ల్యాబుకి వెళ్లి ఇచ్చి రా, వాళ్లే మాకు ఫోన్ చేసి చెప్తారు."

దాని ముఖం వాడిపోయింది. "కాజువలోళ్లకి ఉండదా?"

"ఉండదు."

"అయితే కాజువలే సేత్తానండి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నీ రక్తం చూసుకోడానికే వణికేదానివి, ఇక్కడ మనుషులకేం ధైర్యం చెప్తావే?" అని నలుగురి ముందూ కడిగేశాను. వరహాలు తల దించుకుని వెళ్లిపోయింది. ఆ వారంలోనే వచ్చి, ల్యాబులో రక్తం ఇచ్చానని చెప్పింది. నేను గెలిచాననుకున్నాను.

ల్యాబు నుంచి ఫోన్ వచ్చింది. ఒకటి దగ్గర ఉండాల్సిన క్రియాటినిన్ ఐదు దాటిపోయింది. రోజూ వినే అంకెలే, కానీ ఇది మా వరహాలుది. దాన్ని లోపలికి పిలిచి తలుపు వేసి, నాకు చేతకాని మెత్తదనమంతా తెచ్చుకుని చెప్పాను. "మరోసారి చూద్దాం. డాక్టరు గారున్నారు, మేమున్నాం. ప్రస్తుతానికి కాజువల్‌గానే రా, ఓపిక ఉన్న రోజే."

వరహాలు ఏడవలేదు. నా మాట అర్థం కానట్టు చూసింది. తర్వాత గోడకి జారగిలబడి అలాగే నేల మీద కూలబడింది.

"ఆ రగతం నాది కాదు సిస్టరమ్మా."

"ఏమిటే?"

"నాకు భయమేసీసింది. మా అమ్మది నాకొచ్చీసుంటాదని... మా సెల్లిని కూకోబెట్టి నా పేరు సెప్పీసినాను. దానికేటుంటాది, గుండ్రాయినాగుంటాదని... అది సుచిత్ర రగతమండీ."

సుచిత్రని నేను చూశాను. తల్లిని మంచం మీంచి ఒక్కతే ఎత్తి ఆటోలో కూర్చోబెట్టిన పిల్ల. ఒక్క జ్వరం ఎరగదు. కొట్టాలన్నంత కోపం వచ్చింది నాకు, ఎవరిని కొట్టాలో తెలియలేదు. వరహాలు అబద్ధమాడకపోతే ఆ పిల్ల సంగతి ఎప్పటికి బయటపడేది?

సూది తీసి, వరహాలు నల్లటి చెయ్యి చాపించి నేనే రక్తం తీశాను. సాయంత్రానికి తెలిసింది. దానికేమీ లేదు. శుభ్రంగా ఉంది. ఆ మాట వినగానే అప్పుడు ఏడ్చింది, వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఇప్పుడు చెల్లెలి వెంట తిరగాలి కదే, కాజువల్‌గా రా" అన్నాను.

"వొద్దండి. పిలిసినప్పుడే వొచ్చి, అది ఇక్కడ మిషను మంచమెక్కిన రోజు నన్ను పిలవకపోతే? రోజూ వొత్తాను. నన్ను తిట్టండి, పని మాత్రం రోజూ ఇవ్వండి."

డాక్టరు గారితో మాట్లాడి ఒప్పించాను. తిట్లు బాకీ ఉంచాను.

ఆ రాత్రి సెంటర్లోనే ఉండిపోయిన వరహాలుని చెల్లెలి దగ్గరికి ఒంటరిగా పంపబుద్ధి కాక, మర్నాడు పొద్దున్నే దానితోపాటు వాళ్ల ఊరు వెళ్లాను. సుచిత్ర వాకిట్లో గునపం పాతి కొబ్బరికాయలు ఒలుస్తోంది. పక్కన కాయల గుట్ట. మమ్మల్ని చూడగానే చేతిలో కాయతోనే పరుగెత్తుకొచ్చింది.

"సిస్టరమ్మ గారే వొచ్చీసినారంటే ఉజ్జోగం ఖాయమే! అప్పా, నా రగతం పాసయ్యిందా?"

వరహాలు దాని చేతిలోని కాయ మెల్లగా తీసుకుంది. "ఉజ్జోగం వొచ్చిందే. నా రగతమే పాసయ్యింది."

"నీదెప్పుడిచ్చినావు?" అంది సుచిత్ర, నవ్వుతూనే.

వరహాలు నా వైపు చూసింది. రోజూ ఎంతమందికో గడగడా చెప్పే మాటని దానికే వదిలేసి, నేను కాయల గుట్ట వైపు తిరిగాను. వరహాలే చెల్లెల్ని అరుగు మీద కూర్చోబెట్టి, రెండు చేతులూ తన ఒళ్లోకి తీసుకుంది.