కొలకర్ర పట్టుకున్న మనిషి

ఎనభైల మొదట్లో ఒక వేసవి, అబిడ్స్, నాంపల్లి ప్రాంతాల్లోని పాత కట్టడాలను మళ్లీ ఫొటో తీయమని మా పురావస్తు శాఖ నన్ను హైదరాబాదుకు వేసింది. వందేళ్ల కిందట గాజు పలకల మీద ఫొటోలు తీసినవాళ్లు ఎక్కడ నిలబడ్డారో వెతికి, నా స్టాండు కూడా అక్కడే వేయాలి. తోడుగా దినకూలీ ఖలాసీ ఎల్లయ్యను ఇచ్చారు. నాలుగేళ్లు నాతోనే తిరిగాడు. కట్టడం ఎత్తు తెలియడానికి నలుపూ తెలుపూ పట్టీల కొలకర్ర పట్టుకుని నిలబడడం అతని పని, అదీ గోడ వైపు తిరిగి. ముఖం కనిపిస్తే చూసేవాడి చూపు కట్టడాన్ని వదిలేస్తుందని మాకు నేర్పారు. ఆ విషయంలో నేను చండశాసనుణ్ణి.

పోయిన నెల అతని భార్య లచ్చమ్మ హిమాయత్‌నగర్‌లోని మా ఇంటికి వచ్చింది. ఎల్లయ్య పోయాడట.

"ఎల్లుండి దినాలు సారు. ఆధార్ కార్డుల ఫొటో ఉన్నది గని, అండ్ల దొంగ లెక్కున్నడు. ఫోన్లయన్ని దవాఖానలయే. మంచిగున్నప్పటిది ఒక్కటియ్యున్రి," అంది.

నెగటివులు ఆఫీసుకు ఇచ్చేసినా నమూనా ప్రింట్లు నా దగ్గరే ఉన్నాయి. పెట్టె దించాను. ఎల్లయ్య ఉన్నవి వందకు పైగా తేలాయి. అన్నిట్లోనూ వీపే. నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ మాత్రం ఒక్కొక్కటీ వేలితో తడిమింది.

"గీ అంగీ నేనే కుట్టిన సారు."

అట్టడుగు కవరు మీద 'రద్దు' అని నా రాతే ఉంది. లోపల నాంపల్లిలోని ఒక పాత దర్వాజా. షట్టరు నొక్కే క్షణంలో ఎల్లయ్య వెనక్కి తిరిగి పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు. నడిరోడ్డు మీదే తిట్టి, మళ్లీ తీశాను. పనికిరానివి చింపేయాలి. రాతిపని అందులోనే బాగా వచ్చిందని చింపలేదు, అంతే తప్ప ఎల్లయ్య మీద ప్రేమతో కాదు.

"ఆ దినం సద్ది తెచ్చి పిలిచింది నేనే. నన్ను జూసే నవ్విండు. మీరు తిట్టంగనే గోడ సాటుకు దాక్కున్న," అని లచ్చమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాకూ ఏడుపొచ్చింది.

ఆ ప్రింటు పట్టుకుని ఆవిడను అబిడ్స్‌లో స్టూడియోకు తీసుకెళ్లాను. దర్వాజా కూడా ఉంచాలా, ముఖం మటుకు చాలా అని స్టూడియో ఆయన అడిగాడు.

"గోడ నాకెందుకు? మనిషి చాలు," అంది లచ్చమ్మ.

అంత బాగా కుదిరిన రాతిపని మొత్తం కత్తిరించేశారు.

ఫొటో వెనక తేదీ, దిక్కు, లెన్సు రాయడం మా పద్ధతి. గాజు పలకల కాలంలోనూ కొలకర్ర పట్టినవాడి పేరు ఎవరూ రాయలేదు, నేనూ రాయలేదు. రాయాల్సింది. ఇప్పుడు పెట్టెలో ఎల్లయ్య ఉన్న ప్రింట్లన్నిటి వెనకా రాస్తున్నాను: 'నిలబడినది ఎల్లయ్య'.