నాకు తప్ప అందరికీ వచ్చిన వాసన

దెయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. మాది విశాఖ జాలరిపేట. మా పేటలో ఇంటికో దెయ్యం కథ ఉంటుంది. బోటు మీద ఎవడో తెల్లచొక్కా వాడు కూర్చున్నాడని నాన్న స్నేహితులు చెప్తుంటే, "ఎన్ని గుక్కలు పడ్డాక కనిపించాడు బాబాయ్?" అని అడిగి తిట్లు తిన్నదాన్ని. ఇప్పుడు చెప్పబోయేది కూడా దెయ్యమని నేననడం లేదు. మరేమిటో మాత్రం నాకు తెలీదు.

నిరుడు మాస్టర్స్ కోసం ఫ్రాన్స్ వెళ్లాను. బయల్దేరేముందు మామ్మ, అంటే మా నాన్న తల్లి, నెత్తళ్లనే చిన్న ఎండుచేపలు పెద్ద పొట్లం కట్టింది. సీతమ్మధారలో నా కాగితాలు చూసిన కన్సల్టెన్సీ ఆవిడ "చేపలూ గీపలూ వద్దు, ఎయిర్‌పోర్టులో పెట్టంతా విప్పేస్తారు" అని భయపెట్టింది. పొట్లం తీసేశాం. నిజం చెప్పాలంటే నాకు హాయనిపించింది. స్కూల్లో ఉన్నన్నాళ్లూ "చేపలబుట్ట వచ్చింది" అనిపించుకున్నాను. ఎంత సబ్బు అరగదీసినా, పౌడరు డబ్బాలు ఖాళీ చేసినా ఆ మాట పోలేదు. అసలు ఆ వాసన ఎలా ఉంటుందో నాకు తెలీదు. పుట్టిన దగ్గర్నుంచీ అందులోనే ఉన్నవాళ్లకి ఏం తెలుస్తుంది?

అక్కడ స్టూడెంట్ రెసిడెన్స్‌లో చిన్న గది దొరికింది. మంచం, బల్ల, బుల్లి ఫ్రిజ్. వంటగది ఫ్లోరంతటికీ ఒకటే. ఆ గది దొరకడమే గగనం. రెండో ఏడాదికి వీసా రెన్యూ కావాలంటే ఉంటున్న చోటికి రుజువు చూపించాలి. గది పోతే చదువూ పోయినట్టే.

చలి మొదలవగానే మేనేజరు పిలిచింది. నా గదిలోంచి చేపల వాసన వస్తోందని చుట్టుపక్కల వాళ్లు ఫిర్యాదు చేశారట. నాకు ఒళ్లు మండిపోయింది. అప్పటిదాకా నేను వండుకున్నది అన్నం, పప్పు, గుడ్డు. ఇంత దూరం వచ్చినా ఈ మాట నన్ను వదల్లేదేమిటి దేవుడా అని గదికొచ్చి ఏడ్చాను. బట్టలకి పట్టిందేమోనని ఉన్నవన్నీ ఉతికాను. సూట్‌కేసు లోపల వెనిగర్‌తో తుడిచాను. అయినా ఫిర్యాదులు ఆగలేదు. ఇలాగే ఉంటే గది ఖాళీ చేయాల్సి వస్తుందని మేనేజరు తేల్చి చెప్పేసింది.

ఏప్రిల్ మధ్యలో ఫిర్యాదులు వాటంతటవే ఆగిపోయాయి. మేనేజరు మెట్ల దగ్గర ఎదురై థాంక్స్ కూడా చెప్పింది. నేనేం మానేశానని? జూన్ సగం దాటిందో లేదో, మళ్లీ మొదలు.

ఈసారి ఆవిడే తనిఖీకి వచ్చింది. గుమ్మంలోనే ముక్కు మూసుకుంది. ఫ్రిజ్, బీరువా, సూట్‌కేసు, మంచం కింద, అన్నీ చూసింది. ఏమీ లేదు. నాకు ఏ వాసనా తెలియడం లేదు.

అప్పుడు ఎదురు గది అవా వచ్చింది. సెనెగల్ పిల్ల, వాళ్లదీ సముద్రం ఒడ్డే. ఎండుచేపలు వండేది తనేనని, ఇక వండనని మేనేజరుతో చెప్పేసింది. పచ్చి అబద్ధం. ఆవిడ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, అవాని గట్టిగా మందలించి వెళ్లిపోయింది. నా గది నిలబడింది.

తలుపేశాక అవా గుండెల నిండా గాలి పీల్చుకుంది. "చిన్నచేపలు, ఇసకలో ఎండినవి. ఈ వాసన కోసమే రోజూ నీ గుమ్మం దగ్గర ఆగుతాను. మా ఇంటికి వెళ్లినట్టుంటుంది" అంది.

ఆ రోజే ఇంటికి వీడియో కాల్ చేశాను. ఈ గొడవేమీ చెప్పలేదు. చేపలు పడుతున్నాయా అని మాత్రం అడిగాను. మామ్మ ఫోన్లోకి తల దూర్చింది.

"నిషేదం అయిపోనాది కదే, బోట్లు మళ్లీ ఎల్తన్నాయి. నీ వాటా ఎండెడతన్నాను."

"నా వాటా ఏటి మామ్మా?"

"మీ నాన్న కూరకి తెచ్చిందాంట్లో నీకో గుప్పెడు తీత్తన్నానే గుంటా, నువ్వెల్లినకాడ్నుంచీ. ఇంట్లో మనిసికి వాటా లేకండా ఎలగ?"

బోటుకో వాటా, వలకో వాటా, మనిషికో వాటా. ఇది మా పేటలో అందరికీ తెలిసిన లెక్క. ఊళ్లో లేని మనిషికి వాటా తియ్యడం మామ్మ సొంత లెక్క. ఏప్రిల్ మధ్య నుంచి రెండు నెలలు వేట నిషేధం. బోట్లు కదలవు, ఎండబెట్టడానికి చేపలుండవు. నా గదిలో వాసన లేనిదీ ఆ రెండు నెలలే. ఎండలొస్తే కిటికీలు తీస్తారు, వాసన పోతుంది అన్నాడు ఓ క్లాస్‌మేట్. మరి జూన్‌లో కిటికీలు మూసుకున్నామా?

మొన్న సెలవులకి ఇంటికొచ్చాను. ఆటో దిగి మా సందులో అడుగు పెట్టగానే ముక్కుపుటాలకి గుప్పున కొట్టింది. ఒలమ్మో, ఇదా వీళ్లందరూ అన్నది! చెయ్యి దానంతటదే ముక్కు మీదకి పోయింది. వెంటనే తీసేశాను గానీ, గుమ్మంలో ఉన్న మామ్మ చూసేసింది. లోపలికెళ్లి నా వాటా డబ్బా తెచ్చి చేతుల్లో పెట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను. రెండ్రోజులకి ఆ వాసన నాకు మళ్లీ తెలియకుండా పోయింది. అంత సంతోషం నాకు ఇంకెప్పుడూ కలగలేదు.

ఫ్రాన్స్‌లోనే ఉన్న అవా మెసేజ్ పెట్టింది. నేనొచ్చేశాక నా గుమ్మం దగ్గర ఏ వాసనా లేదట, బెంగగా ఉందట. మామ్మకి చదివి వినిపించాను. నా గది నిలబెట్టింది ఈ పిల్లేనని కూడా అప్పుడే చెప్పాను.

"అయితే ఆ గుంటకీ ఓ గుప్పెడు తీద్దాం. ఏటి పోనాది?" అంది మామ్మ. మర్నాడు నాన్న తెచ్చినవాటిలో ఓ గుప్పెడు వేరుగా తీసి ఎండకి పరిచింది. ఈ సంగతి అవాకి నేను చెప్పలేదు. చెప్తే నవ్వుతుందనుకున్నాను.

నిన్న అవా ఫోన్ చేసింది. హలో అనైనా అనకుండా, "మీ మామ్మకి థాంక్స్ చెప్పు" అంది.

ఎందుకని నేను అడగలేదు. మామ్మకి మాత్రం చెప్పాను. ఆవిడ తలెత్తి కూడా చూడలేదు, కాకుల్ని అదిలిస్తూ చేపలు తిరగేస్తోంది.