అలికిన నేల కింద కుళ్లు

నా చిన్నప్పుడు ముక్కు మూసుకుని నేర్చుకున్న పాఠం ఒకటి ఇన్నాళ్లకు రాయక తప్పడం లేదు. అరకులో మా ఇంటి స్నానాలగదికి టైల్సు డబ్బాలు దిగాయి. పాత గచ్చు ఎగుడుదిగుడుగా, మూలమూలకీ జిడ్డు పట్టి ఉంది. "పైన సిమెంటు పామేసి అతికించేద్దుమమ్మా, కింద ఎవులు సూస్తారు?" అన్నాడు మా అబ్బాయి. ఆ మాటకే నా చెయ్యి ముక్కు మీదికి పోయింది.

అప్పట్లో మేం గుమ్మలక్ష్మీపురం పైన కొండవాలులో అమ్మమ్మ ఇంట్లో ఉండేవాళ్లం. ఇంటి వెనక తడికెల చాటున నీళ్లు పోసుకునే చోటు ఉండేది. మాలో పండగొస్తే ఇల్లంతా ఎర్రమట్టీ పేడా కలిపి అలకాలి. అలికాక ఎంత ముచ్చటగా ఉంటుందో! ఆ ముచ్చటకే మా ఆడవాళ్లు నీళ్లు పోసుకునే చోటు కూడా అలికేసేవారు. పాత జిడ్డును గోకేవారు కాదు. దాని మీదే కొత్త పూత పూసేవారు. ఏళ్ల తరబడి అలా చేయడంతో నేల ఒకచోట బొడిపెగా లేచి, ఇంకోచోట గుంటపడింది. గుంటలో నిలిచిన నీళ్ల కంపు వంటింటి దాకా వచ్చేది.

ఆ ఏడాది మా పిన్ని పురిటికి వచ్చింది. నెలలు నిండుతున్న మనిషి ఒక పొద్దున స్నానానికి వెళ్లి అక్కడే జారింది. తడికె గుంజ చేతికి దొరికింది కాబట్టి పడలేదు. పొట్ట పట్టుకుని ఆ గుంజకే ఆనుకుంది. పురుడయ్యాక వేడినీళ్లు పోయాల్సింది కూడా ఆ నేల మీదే.

తాతయ్య సాలూరు నుంచి నాపరాళ్లు తెప్పించాడు. దారి ఉన్నంత మేరా జీపులో వచ్చాయి, అక్కణ్ణుంచి భుజాల మీద.

"ఎర్రమట్టి మెత్తి పైన రాళ్లు పరిసేద్దుమే. బేగి అయిపోతాది" అన్నాడు తాతయ్య.

"ఏటయ్యా నువ్వు! సచ్చిన ఎలక మీద దుప్పటి కప్పితే కంపు పోతాదేటి?" అంది అమ్మమ్మ.

గునపం దిగింది. ఎరుపు పొర, కింద నలుపు, మళ్లీ ఎరుపు, మళ్లీ నలుపు. ఎంగిలి విస్తర్లు దొంతర పెట్టినట్టు లేచొచ్చాయి. నల్లపొరలో జుట్టు ఉండలు, నానిన నలుగుపిండి, తెల్లగా మెసిలే పురుగులు. రోజూ కాళ్లు కడుక్కుని శుభ్రమయ్యామనుకున్నది దీని మీదా అనిపించింది. నాకు వాంతి వచ్చేసింది.

"ఇక్కడ కాదే గుంటా! ఇప్పుడే గోకినాను!" అని అమ్మమ్మ నా మీద అరిచింది. పిన్ని అంత భయంలోనూ నవ్వింది.

అమ్మమ్మ గట్టినేల తగిలేదాకా తవ్వించి, కింద పారే గెడ్డ నుంచి తెచ్చిన గులకరాళ్లు పోయించి, దిమ్మిసతో కొట్టించింది. తాతయ్య ఒక కన్ను మూసి చూసి, సాపుగా ఉందన్నాడు. అమ్మమ్మ ఆ మాట నమ్మలేదు. రాళ్లు పరిచి చూసి, చెంబుడు నీళ్లు పోసి, పైన గుప్పెడు చోడిపొట్టు, అదే రాగుల పొట్టు, చల్లింది. పొట్టు తేలుతూ తేలుతూ వెళ్లి, పిన్ని కూర్చునే చోటే ముద్దగా ఆగింది. నీళ్లు పారాల్సిన అరటిచెట్ల వైపు పోనేలేదు.

"మనిసి కంటికి మొగమాటం ఉంటాది. నీళ్లకి ఉండదు" అంది అమ్మమ్మ. రాళ్లు మళ్లీ లేపారు. పొట్టంతా అరటిమొదట్లోకి పోయేదాకా తాతయ్యను వదల్లేదు. పురుడయ్యాక పిన్ని ఆ రాళ్ల మీద పాదం పెట్టి, ఒక్క క్షణం ఆగి, గుంజ వదిలేసింది. అది ఇప్పటికీ నా కళ్లలో ఉంది.

పెద్దయ్యాక సాలూరు గ్రంథాలయంలో ఇళ్ల కట్టడం మీద ఒక పుస్తకం దొరికింది. పలకలు పరిచే ముందు పాత నేలను తట్టి చూడాలనీ, పట్టు వదిలినదంతా తీసెయ్యాలనీ, వాలు తూము వైపు ఉండాలనీ రాసి ఉంది. ఎవరూ చెప్పకుండా చదివి అర్థం చేసుకున్నానని గర్వపడ్డాను. కానీ ఆ పేజీ తిప్పుతుంటే నాకు కాగితం వాసన రాలేదు, ఆ నల్లపొర వాసనే వచ్చింది.

మొన్న మా పాత గచ్చును కర్రతో తట్టాను. మూలన డొల్లగా మోగింది. పగలగొట్టిస్తే కింద నల్లటి జిగట, దాంట్లోంచి బొద్దింకలు. మా అబ్బాయి నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తాడు. వాడు తిరిగొచ్చేదాకా నేను ఆగలేదు. గట్టి గచ్చు వచ్చేదాకా చెక్కించి, బ్రష్షుతో రుద్ది కడిగించి, తూము వైపు వాలుగా సిమెంటు వేయించాను. అది గట్టిపడ్డాక నీళ్లు పోసి పొట్టు చల్లింది మాత్రం వాడే. పొట్టంతా తూములోకి పోయాకే టైల్సు అతికించాం.

గచ్చు చెక్కిన అప్పన్నకు, ఆ జిగట ఎత్తిపోసిన మా కోడలు మేరీకి, చోడిపొట్టు చెరిగిచ్చిన పక్కింటి సీతమ్మకు దండాలు. అందరికన్నా ముందు మా అమ్మమ్మ సుక్కమ్మకు. ఆమె పుణ్యాన నేటికీ, ఎవరింట్లోనైనా కొత్తగా మెరిసే నేల కనబడితే అందరూ కళ్లతో చూస్తారు, నేను ముందు వాసన చూస్తాను.