కదలని నూట ఎనిమిది

2005లో, గల్ఫ్‌లో, నన్ను అజ్మాన్ క్యాంపు నుంచి తీసి ఫుజైరా కొండల్లో ఒక రాళ్ల క్రషర్‌కు చార్జ్‌హ్యాండ్‌గా పంపారు. చార్జ్‌హ్యాండ్ అంటే ఫోర్‌మన్ తిట్లను ఎలక్ట్రీషియన్లకు సమానంగా పంచే ఉద్యోగం. ఏడో తరగతితో బడికి ఖలాస్ చెప్పినవాడికి అంతకన్నా పెద్ద కుర్చీ ఏ ముదీరూ, అంటే ఏ అరబ్బు మేనేజరూ, వెయ్యడు.

అక్కడ కేబుళ్లన్నీ ఒకే ట్రేలో పక్కపక్కనే వెళ్లేవి. అలాంటి చోట కనెక్షన్ తీసేసిన తీగలోకి కూడా పక్క తీగల నుంచి కాస్త వోల్టేజ్ ఊరుతుంది. డిజిటల్ మల్టీమీటరు తీగ నుంచి దాదాపు ఏమీ లాగదు కనుక దాన్నీ చూపిస్తుంది, ఓసారి అరవై, ఓసారి తొంభై. అంకె నిలవదు. టెస్ట్ ల్యాంపు తగిలిస్తే బల్బు వెలగదు, వోల్టేజ్ కూలిపోతుంది. కొత్తవాళ్లు ఆ అంకె చూసి బెదిరేవారు. నేను దానికి ‘దయ్యం’ అని పేరు పెట్టాను. నెల తిరక్కుండా క్యాంపంతా, ఇంజనీరుతో సహా, ‘భూత్ హై’ అనడం మొదలుపెట్టింది. నాకు గర్వంగానే ఉండేది.

ఆ రోజు ఒక బెల్టు కన్వేయర్ అత్యవసర స్విచ్ మార్చాలి. మెయిన్ ఆపి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని నేను కింద ప్యానెల్ గదిలో ఉన్నాను. పైన నడవ మీద నా కింది ఎలక్ట్రీషియన్, అమలాపురం వైపు సత్తిబాబు. మీటరును ఏసీ వోల్టులకు తిప్పి, ముందు కరెంటున్న చోట పెట్టి సరిచూసుకుని, తరువాతే తీగ మీద పెట్టాడు. పద్ధతిలో లోపం లేదు. వాకీటాకీలో పిలిచాడు.

‘‘అన్నయ్యా, నూటెనిమిది చూపిస్తందండి.’’

‘‘దయ్యమే. దానికి గూడ అండీ పెట్టకు.’’

‘‘కదలట్లేదండి అంకె.’’

‘‘నిద్రపోతున్నదేమో. లేపకుండ పని చూస్కో.’’

అతను నవ్వాడు. టెస్ట్ ల్యాంపు నా పెట్టెలోనే ఉంది. మెట్లెక్కి ఇవ్వడానికి బద్ధకించాను.

ఆ స్విచ్‌కు పక్క క్రషర్ ప్యానెల్ నుంచి ఇంటర్‌లాక్ తీగ ఒకటి వస్తుంది. అది ఆగితే ఇదీ ఆగాలని చేసిన ఏర్పాటు. నూట పది వోల్టులు. నా తాళం దాన్ని ఆపదు. డ్రాయింగులో ఉన్న సంగతే. ఆ డ్రాయింగు ప్యానెల్ తలుపు లోపలే, నా కళ్లెదుటే అంటించి ఉంది.

సత్తిబాబు చెమట చేత్తో తీగ పట్టుకున్నాడు. రెండో చెయ్యి ఇనప రెయిలింగు మీద ఉంది. స్విచ్ అందక, పడిపోకుండా నడుముకు కట్టుకున్న సేఫ్టీ బెల్టు కొక్కెం అప్పటికే విప్పాడు. షాక్‌కు విదిలించుకుని కింద రాళ్ల కుప్ప మీద పడ్డాడు. వెన్ను విరిగింది.

విచారణలో ఇంజనీరు, దయ్యం అనే మాట ఎవరిదని అడిగాడు. నాదేనన్నాను. చార్జ్‌హ్యాండ్ హోదా తీసేశారు. సత్తిబాబుకు నడుము కింద స్పర్శ రాలేదు. విమానంలో పడుకోబెట్టి ఇంటికి పంపే ముందు ఆసుపత్రికి వెళ్లాను. పైకప్పు చూస్తూనే, ‘‘కదలట్లేదని చెప్పానండి,’’ అన్నాడు. చెప్పాడు.

ఊరిన వోల్టేజ్ ఊగుతుంది. నిలబడిన అంకె వెనక ఎక్కడో సప్లై ఉంటుంది. అనుమానం వస్తే ల్యాంపు పెట్టాలి, డ్రాయింగు చూడాలి. మీటరు ఎదుట లేనివాడు రీడింగు మీద తీర్పు చెప్పకూడదు. రిటైరయ్యే దాకా నేను ఏ రీడింగునూ అంకెతో తప్ప పిలవలేదు.