చింతపండుతో తోమిన చక్రవర్తి

మొన్న అరోరాలో అమ్మానాన్నల ఇల్లు ఖాళీ చేసి నాన్నను శాన్ రామన్‌కు, నా దగ్గరకు తెచ్చుకునే ముందు, ఆయన సేకరించిన పాత నాణేలు కొనడానికి వచ్చిన వర్తకుడు అన్నీ తీసుకుని ఒక్కదాన్ని మాత్రం వేలితో పక్కకు నెట్టేశాడు. అరిగిపోయిన రాగిబిళ్ల, మీద ఏమీ లేదు. నాన్న దాన్ని జేబులో వేసుకున్నారు.

ఒకప్పుడు దానిమీద చక్రవర్తి ఉండేవాడు. అసలువాడు కాదులెండి. రోము సామ్రాజ్యం చివరి రోజుల్లో దూరపు ఊళ్లకు చిల్లర అందక, అక్కడివాళ్లు తామే అచ్చు వేసుకున్న నకలు నాణెం అది. అక్షరాలన్నీ వట్టి గీతలు, చక్రవర్తి ముఖమేమో ఒకటో తరగతిలో నేను గీసిన తాతయ్య బొమ్మ. అసలైనవి ఎన్ని ఉన్నా నాన్నకు అదే ప్రాణం. ఆఫీసులో పొద్దస్తమానం ఇతరుల కోడ్ కాపీ చేసేవారు గనుక, ఆ చెక్కినవాడితో బంధుత్వం కుదిరిందని నా అనుమానం.

దాన్ని నెలల తరబడి నూనెలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో మట్టి వదిలించి, పచ్చటి పొరను మాత్రం చెక్కుచెదరకుండా కాపాడారు. ఆ పొర పోతే నాణెం పోయినట్టే. ఈ ముక్క అమ్మకు చెప్పలేదు. ఆయన ఇంట్లో నోరు విప్పితేగా! నా చిన్నప్పుడు ఓ వరలక్ష్మీ వ్రతం ముందురోజు పూజసామాను తోముతూ అమ్మ, మన ఇళ్లలో ఏ తల్లయినా చేసేదే చేసింది: బల్లమీద కనిపించిన దాన్నీ చింతపండు వేసి రుద్దేసింది. పదహారు వందల ఏళ్లు మట్టి చేయలేని పని, ఇడ్లీపిండి రుబ్బేలోగా ముగించింది.

సాయంత్రం నాన్న కారు దిగీ దిగకముందే అరచేతిలో పెట్టి చూపించింది.

"ఏవండీ, ఎంత చిలుముపట్టిపోయిందో పాపం! ఇప్పుడు చూడండి, ఎలా మెరుస్తోందో!"

ఆ శనివారమే ఆయన దాన్ని నాణేల మిత్రులకు చూపించాల్సి ఉంది. నేను చిప్స్ పొట్లం విప్పుకుని భూకంపం కోసం కూర్చున్నాను. నాన్న ఆమె ముఖం వైపు చూశారు.

"బాగుందే," అని కాఫీ అడిగారు.

మిత్రులతో పోగొట్టుకున్నానని చెప్పారు. ఆపైన ప్రతి శ్రావణంలోనూ తానే దాన్ని తీసుకెళ్లి తోమమని అమ్మ చేతికిచ్చేవారు. చక్రవర్తికి ముక్కు, ఆపైన కళ్లు, చివరికి తలే లేకుండా పోయింది. అసలు సంగతి అమ్మకు కడదాకా తెలియదు.

అమ్మ పోయాక ఇదే మొదటి శ్రావణం. నిన్న నాన్న నా వంటగదిలో అరలన్నీ వెతికారు.

"చింతపండు లేదేంట్రా మీ ఇంట్లో?"

సీసాలో గుజ్జు ఉంటే ఇచ్చాను. పచ్చటి పొర కోసం ప్రాణం పెట్టిన మనిషి, ఏడాదిలో పట్టిన కాస్త నలుపును ఓర్చుకోలేక, సింకు దగ్గర నిలబడి చాలాసేపు రుద్దారు. తర్వాత అరచేయి చాపి నాకు చూపించారు.

ప్రతిదానికీ ఓ జోకు ఉండే నాకు ఆ ఒక్క మాటే దొరికింది.

"బాగుంది నాన్నా."